వైద్య కళాశాల అభివృద్ధి – పంచాయతీ పుస్తకము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున నాకు ఒప్పగింపబడిన విషయము గుంటూరు వైద్య కళాశాల అభివృద్ధిని గూర్చినది. కళాశాల పట్టణమున నున్నది. తాము గ్రామములలో నున్నారు. దాని ఏటేటి వృద్ధితోను, రాబోవు ప్రణాళికలతోను మాకేమి పని యని తమలో కొందరికి తోచవచ్చును. పని గలదు. మిరప కల్లములో పాము కరచిన కాపలాదారుడును, పత్తి చేనికి మందు కొట్టుచు సొమ్మసిల్లిన కూలివాడును, కాన్పు కష్టమైన తల్లియు తుదకు చేరునది ఆ కళాశాలకు అనుబంధమైన సర్వజన ఆసుపత్రికే. మన జనులు దానిని పెద్దాసుపత్రి యందురు. అక్కడకు చేరినవారి సంగతి ఆసుపత్రి లెక్కలో నుండును. చేరకముందే దారిలోనో, ఇంటనో కన్నుమూసినవారి సంగతి ఎవరి లెక్కలో నుండును? గ్రామములోని చావుపుట్టుకల పుస్తకములో మాత్రమే యుండును. ఈ రెండు పుస్తకములను కలిపి చదివిననాడే వైద్య కళాశాల నిజముగా ఎంత పెరిగినదో తెలియునని మనవి చేయుటయే నా ఉద్దేశము.

మొదట కళాశాల వృత్తాంతమును సంగ్రహముగా చెప్పెదను.

గుంటూరు ప్రాంతమున పాశ్చాత్య వైద్యము కళాశాలకు చాల ముందే అడుగు పెట్టినది. 1883లో అమెరికా నుండి డాక్టర్ అన్నా కుగ్లర్ అను వైద్యురాలు గుంటూరు వచ్చి, పురుష వైద్యునికి చేయి చూపుటకు సమ్మతింపని స్త్రీలకు చికిత్స చేయ మొదలిడెను. ఆమె నెలకొల్పిన ఆసుపత్రి నేటికిని ఆమె పేరిట ప్రసిద్ధమై యున్నది. ఆమె 1930లో గుంటూరుననే కన్నుమూసెను. కాని మన బిడ్డలు వైద్యవిద్య నేర్వవలెనన్న మదరాసుకో, 1923లో కళాశాల వెలసిన విశాఖపట్టణమునకో పోవలసి యుండెను. 1946లో గుంటూరున వైద్య కళాశాల స్థాపింపబడుటతో ఆ కొరత కొంత తీరినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించునాటికి ఆ రాష్ట్రమంతటికిని ఉండినవి విశాఖ, గుంటూరు కళాశాలలు రెండే. కర్నూలున 1957లోను, కాకినాడలో 1958లోను, తిరుపతిలో 1960లోను తరువాతి కళాశాలలు వచ్చినవి.

గుంటూరు కళాశాల పుట్టిన 1946వ సంవత్సరముననే మరియొక ముఖ్యమైన సంగతి జరిగినది. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన నియమింపబడిన సంఘము దేశ ప్రజల ఆరోగ్య స్థితిని గూర్చి తన నివేదికను ఆ యేడే సమర్పించినది. చికిత్సతో పాటు రోగనివారణ కూడ వైద్యుని పనియేననియు, గ్రామములకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కావలెననియు, వైద్య విద్యార్థి జనుల మధ్యకు పోయి నేర్వవలెననియు ఆ సంఘము సిఫారసు చేసినది. మన కళాశాలయు, ఆ నివేదికయు ఒక యీడువే. కళాశాల ఎనిమిది దశాబ్దములలో ఎంతయో పెరిగినది. నివేదికలోని గ్రామపు మాట మాత్రము ఆ వేగముతో పెరుగలేదు. ఆ కొరతను తీర్చుటలో తమకు భాగము గలదు.

నేటి స్థితి యిది. గుంటూరు వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. తరగతికి ఏటా 250 మంది విద్యార్థులు చేర వీలున్నది. నాలుగున్నర సంవత్సరముల చదువు, ఆపై ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ ముగించి వారు పట్టము పొందుదురు. ఆసుపత్రిలో 2016లో గుండె మార్పిడి శస్త్రచికిత్స కూడ జరిగినది. నాట్కో ట్రస్టు తోడ్పాటుతో క్యాన్సరు చికిత్సకు ప్రత్యేక కేంద్రము 2020లో ఏర్పడినది. ఈ కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు సంఘముగా ఏర్పడి తాము చదివిన చోటికి విరాళములు పంపుచున్నారు. మనవారు జింకానా యని పిలుచు సంఘమిదియే. డాక్టర్ పొదిల ప్రసాద్ పేరిట నున్న భవనము ఆ పూర్వ విద్యార్థుల దాతృత్వమునకు గుర్తు. తల్లీబిడ్డల కొరకు తలపెట్టిన భవనమునకై డాక్టర్ గవిని ఉమ 2022లో 20 కోట్ల రూపాయల విరాళము ప్రకటించి, తన జీవితకాలపు ఆర్జనను మనవారి కాన్పుల కొరకు ఒసగినారు.

చుట్టుపట్ల కూడ వైద్యవిద్య విస్తరించినది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారినది. ఒంగోలున ప్రభుత్వ వైద్య కళాశాల నెలకొన్నది. మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. 2018లో 50 మంది విద్యార్థులతో దాని తరగతులు మొదలైనవి. 2024 ఫిబ్రవరి 25వ తేదీన ప్రధానమంత్రి దానిని జాతికి అంకితము చేసినారు. పిడుగురాళ్ళ, బాపట్ల, మార్కాపురములలో కూడ వైద్య కళాశాలలు ఇటీవలి సంవత్సరములలో సంకల్పింపబడినవి.

ఇదంతయు సంతోషింపదగినదే. అయినను వార్షిక నివేదిక ఎట్టిదో తాము గ్రహింపవలెను. ఎందరు విద్యార్థులు చేరినారు, ఎందరు రోగులు వచ్చినారు, ఎన్ని శస్త్రచికిత్సలు జరిగినవి, ఎందరు కోలుకొనిరి అను వివరములే అందుండును. ఆసుపత్రి గుమ్మము దాటి లోనికి వచ్చినవారిని గూర్చి మాత్రమే అది చెప్పగలదు. రానివారిని గూర్చి అది మూగ పుస్తకము.

ఇందుకు పాముకాటు కంటె మంచి ఉదాహరణ లేదు. భారత ప్రభుత్వ రిజిస్ట్రారు జనరల్ ఆధ్వర్యమున 2001 మొదలు 2003 వరకు జరిగిన మరణములను గూర్చి దేశవ్యాప్తముగా ఒక పెద్ద పరిశీలన జరిగినది. శిక్షణ పొందినవారు ఇంటింటికి పోయి, చనిపోయినవారి బంధువులను అడిగి, చెప్పినది వ్రాసికొనిరి. దానిని వైద్యులు చదివి మరణకారణమును నిర్ణయించిరి. 2011లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము దేశమున పాముకాటు వలన ఏటా సుమారు 46 వేలమంది మరణించుచున్నారని తేలినది. ఆసుపత్రుల లెక్కలలో కనబడిన సంఖ్యకు ఇది ఎన్నో రెట్లు. ఏల యనగా, ఆ మరణములలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆసుపత్రి వెలుపలనే సంభవించినవి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 5,200 మంది అట్లు మరణించుచుండిరని అంచనా. ఉత్తరప్రదేశ్ తరువాత దేశములో రెండవ స్థానము మనదే.

సోదరులారా, ఆ అయిదు వేలమంది ఆసుపత్రి పుస్తకములో లేరు. వారి పేర్లు గ్రామముల పుస్తకములలో నుండవలెను. అచ్చటను “పాము కరచి” అను రెండు మాటలు వ్రాయనిచో వారు ఎచ్చటను లేనివారే యగుదురు. లెక్కలో లేని మరణమునకు మందు రాదు; నిధి రాదు. విరుగుడు మందు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఎంత పంపవలెనో నిర్ణయించువారికి లెక్కయే ఆధారము.

రెండవ ఉదాహరణము మన ప్రకాశం మెట్ట ప్రాంతమునదే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలో నుండెను. అచ్చటి జనులలో నడుము వంగక, మెడ తిరుగక, చిన్నతనముననే పండ్లపై మచ్చలు గట్టి బాధపడువారు అనేకులుండిరి. అది తమ కర్మయని వారు భావించియుండవచ్చును. డాక్టర్ షార్ట్, డాక్టర్ మెక్‌రాబర్ట్ మున్నగు వైద్య శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు ఈ వ్యాధికి కారణమని 1937లో ప్రకటించిరి. మనుష్యులలో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి భారతదేశమున వెలువడిన తొలి శాస్త్రీయ వృత్తాంతము ఇదియే. పట్టణపు ఆసుపత్రిలో కూర్చుండి ఒక్కొక్క రోగిని చూచినచో అది వాతమనియో, ముసలితనమనియో తోచును. ఊరంతటికి ఒకే వ్యాధి, ఆ ఊరంతటికి ఒకే బావి అను సంగతి ఊరిని చూచినవారికే స్ఫురించును. వైద్యశాస్త్రమునకు గ్రామము కూడ పాఠశాలయే యనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

మూడవది పురుగుమందుల సంగతి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలినారు. తరువాతి కాలమున నల్లరేగడి నేలలలో పత్తి, మిరప విస్తరించినవి; వాటి వెంట పురుగుమందులును విస్తరించినవి. 1987–88లో తెల్లదోమ, పచ్చపురుగు విజృంభించి పత్తి నాశనమైనప్పుడు అప్పులపాలైన రైతులు పలువురు ఈ జిల్లాలలో ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము ఇంకను మన యూళ్ళు మరువలేదు. మందు కొట్టుచు అనుకోకుండ విషము సోకినవాని మరణమును, మనస్సు విరిగి విషము త్రాగినవాని మరణమును పుస్తకములో ఒకే తీరున “ఆకస్మికము” అని వ్రాసినచో రెంటికిని తగిన మార్గము దొరకదు. మొదటివానికి ముఖతొడుగు, చేతితొడుగులు, సబ్బునీరు కావలెను. రెండవవానికి ఆపత్సమయమున పలుకరించు మనిషి కావలెను, అప్పు తీరు దారి కావలెను. మనస్తాపమున నున్నవారు మాటలాడుటకు 14416 అను ఉచిత ఫోను సేవ 2022 నుండి కలదు. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది.

ఇక వైద్య కళాశాల గ్రామమునకు వచ్చు మార్గమును చెప్పెదను. జాతీయ వైద్య కమిషను 2022లో కుటుంబముల దత్తత కార్యక్రమమును వైద్యవిద్యలో చేర్చినది. దీని ప్రకారము విద్యార్థి మొదటి సంవత్సరము నుండియే గ్రామమునకు పోయి, కనీసము మూడు కుటుంబములను తనవిగా స్వీకరించి, వారి ఆరోగ్యమును వరుసగా కొన్ని సంవత్సరములు గమనింపవలెను. 250 మంది విద్యార్థులు మూడేసి కుటుంబములు తీసికొన్నచో ఒక్క తరగతికే 750 కుటుంబములగును. పరదేశము నుండి వచ్చు విరాళము ఎంత విలువైనదో, ఈ 750 కుటుంబముల పరిచయమును అంత విలువైనదే. కాని విద్యార్థులు పట్టణపు బిడ్డలు, ఊరు ఎరుగనివారు. వారిని ఎవరు ఏ యింటికి తీసికొనిపోవుదురో, ఆ యిండ్లనే వారు చూతురు. నాలుగు మేడలు చూపి, కాఫీలిచ్చి పంపినచో వారికి గ్రామము తెలియదు. గ్రామమునకు వారి వలన లాభమును లేదు.

కాబట్టి తాము చేయవలసిన పనులను వరుసగా మనవి చేయుచున్నాను. ఇవి తమ అధికారమునకు మించినవి కావు. 1959 నవంబరు 1వ తేదీన మన రాష్ట్రమున పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైన నాటి నుండి ఆరోగ్యము గ్రామపాలనలో భాగముగనే యున్నది. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలులో చేర్చిన 29 విషయములలో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, కుటుంబ సంక్షేమము ఉన్నవి.

మొదటి పని పుస్తకము. 1969 నాటి చట్టము ప్రకారము జననమును, మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలెను. వార్డు సభ్యులు తమ వార్డులో జరిగిన ప్రతి మరణమును కార్యదర్శి గారికి తెలియజేయవలెను. పాము కరచినదా, మందు సోకినదా, కాన్పులో పోయినదా, జ్వరమా అను కారణమును బంధువులను మృదువుగా అడిగి చెప్పవలెను. ఆరు నెలలకొకసారి గ్రామసభలో, పేర్లు చదువక, కారణములను మాత్రము లెక్కించి చదివి వినిపింపవలెను. ఆ లెక్కను ఒక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి పంపవలెను. గ్రామమునకు వచ్చు విద్యార్థులకు మొట్టమొదట చూపవలసినదియు అదే.

రెండవ పని పాముకాటు విషయమున. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాలుగింటి విషమునకును పనిచేయు విరుగుడు మందు ఒక్కటియే కలదు. తమ గ్రామమునకు దగ్గరగా అది ఏ ఆసుపత్రిలో రాత్రివేళ కూడ దొరకునో ముందుగనే విచారించి, పలకపై వ్రాయించి, కల్లముల వద్దను, రచ్చబండ వద్దను ఉంచుడు. కరచినచోట కోయరాదు, నోట పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. ఆ కాలును లేక చేతిని కదలనీయక, ఉంగరములు, కడియములు తీసివేసి, 108 వాహనమును పిలువవలెను. మన రాష్ట్రమున 2005లో మొదలైన సేవ యిది. కట్లపాము రాత్రి నేలపై పరుండినవారిని కరచును. నొప్పి గాని వాపు గాని కనబడకపోవచ్చును. తెల్లవారుసరికి కనురెప్పలు వాలి, ఊపిరి సన్నగిల్లును. మిరప కల్లములో కాపలా పరుండువారికి మంచమును, దోమతెరను సమకూర్చుట ఎంతయో ప్రాణరక్షణము. మంత్రమునకై, పసరునకై పోయిన గంట తిరిగి రాదు.

మూడవ పని పురుగుమందు విషయమున. మందు సోకినవాని బట్టలు వెంటనే విప్పించి, సబ్బుతో ఒడలు కడిగి, ఆసుపత్రికి చేర్చవలెను. మందు డబ్బాను, దానిపై కాగితముతో సహా, తప్పక వెంట తీసికొనిపోవలెను. ఏ జాతి విషమో తెలిసిననే వైద్యుడు తగిన విరుగుడు ఈయగలడు. కొన్ని విషములకు విరుగుడే లేదు. మోనోక్రోటోఫాస్ 36 శాతము మందును మార్కెట్టు నుండి తొలగించుచు కేంద్ర ప్రభుత్వము 2023లో ఉత్తర్వు చేసినది. పాత నిల్వలు ఇండ్లలో మిగిలియున్న యెడల వాడరాదని చాటింపు వేయింపుడు. మందులను పడకగదిలో, పప్పుడబ్బాల నడుమ ఉంచక తాళము వేయు పెట్టెలో ఉంచుట అలవాటు చేయుడు.

నాల్గవ పని నీరు. చేతిపంపు, బోరు నీటిని పరీక్ష చేయించి ఫలితమును గ్రామసభలో చదువుడు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపల నుండవలెను. వేరు నీరు లేనిచోట కూడ ఒకటిన్నర మించరాదు. నీరు మరగబెట్టినంత మాత్రమున ఫ్లోరైడు పోదని తల్లులకు చెప్పింపుడు.

అయిదవ పని మరువబడువారిని చూపుట. మిరపకాయ కోతలకు కర్నూలు వైపు నుండి కుటుంబములతో వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసికొను కూలీలు మన ఓటరు జాబితాలో లేరు. వారిలో గర్భిణులు ఉందురు, టీకాలు పడని పసిబిడ్డలు ఉందురు. వారు మన పంట కోయుటకు వచ్చినవారు. వారి ఆరోగ్యము మన బాధ్యతయే. ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం. గారిని, వైద్య విద్యార్థులను మొదట ఆ గుడిసెలకే తీసికొనిపోవుడు.

సోదరీ సోదరులారా, రాబోవు సంవత్సరములలో మన ప్రాంతమున వైద్య భవనములు ఇంకను లేచును. వైద్యుల సంఖ్య పెరుగును. పెద్దాసుపత్రి నివేదికలో అంకెలు ఏటేట పెద్దవగును. ఆ అంకెలు పెరుగుట చూచి మనము గర్వింపవచ్చును. తమ గ్రామపు పుస్తకములో “ఆసుపత్రికి చేరకముందే” అను మాట ఏటేట తగ్గుట చూచిననాడు మాత్రము మనము తృప్తి పడవచ్చును. మొదటి పుస్తకమును వైద్యులు వ్రాసికొందురు. రెండవది తమ చేతిలో నున్నది. దానిని సత్యముగా వ్రాయించి, ధైర్యముగా చదివించి, ఫలితమును అందరి మేలునకు వినియోగింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.